ట్వైజల్ కాకి

మా ఇంటి ఓనరు అంకుల్ పోయారు. ఆయన ఇంటి కింది పోర్షన్‌లోనే నేను అద్దెకుంటాను కాబట్టి ఆ కబురు నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పొద్దున్న ఆంటీ అరుపు విని పైకి పరిగెత్తాను. అంబులెన్స్‌వాళ్లు వచ్చారు, చెయ్యగలిగిందంతా చేశారు, సారీ చెప్పి వెళ్లారు. మధ్యాహ్నానికి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది: ‘జాన్సన్‌విల్ పక్షుల అంకుల్ నో మోర్.’ దాని కింద వరసగా దండాల బొమ్మలు. వాటి కింద, కాస్త ఊపిరైనా తీసుకోకుండా, ఎవరో బేబీ కార్ సీటు అమ్మకానికి పెట్టారు.

అప్పుడు మొదలైన కోపం నాకు ఇంకా దిగలేదు. దిగాక రాద్దామని కొన్నాళ్లు ఆగాను. దిగేలా లేదు, అందుకని దానితోనే రాస్తున్నాను. సంతాపం మెత్తగా ఉండాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

‘పక్షుల అంకుల్’ అని పేరు పెట్టింది మనవాళ్లే. ప్రేమతో అంటున్నామని చెప్పుకునేవారు గానీ అందులో వెటకారమే ఎక్కువ. “మనం వీకెండ్ వస్తే ఇళ్లు చూడ్డానికి పోతాం, ఈయన బాతుల్ని చూడ్డానికి పోతాడు” అని ఒకాయన పాట్‌లక్ భోజనాల దగ్గర అంటే అందరూ నవ్వారు. అంకుల్ కూడా నవ్వారు. నాకు మాత్రం చేతిలో ఉన్న ప్లేటు ఆ మాటన్నాయన నెత్తిన బోర్లించాలనిపించింది.

అంకుల్‌ది రాజమండ్రి దగ్గర. వెల్లింగ్టన్‌లో ఒక గవర్నమెంట్ డిపార్ట్‌మెంట్‌లో డేటాబేస్‌లు చూసే ఉద్యోగం. ఆంటీ జాన్సన్‌విల్‌లోనే డేకేర్‌లో పనిచేస్తారు. పిల్లలు లేరు. నేను కరీంనగర్ నుంచి స్టూడెంట్‌గా వచ్చి, చదువయ్యాక హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికాక వాళ్లింట్లో దిగాను. అప్పటికి అంకుల్‌కి పక్షుల గోల ఏమీ లేదు. పిచ్చుకని పిచ్చుక అనీ, మిగతా అన్నిటినీ ‘ఏదో పిట్ట’ అనీ అనేవారు.

నేను దిగిన ఏడాదే ఇండియాలో వాళ్లమ్మగారు పోయారు. అంకుల్ వాళ్ల పాస్‌పోర్టులు రెసిడెన్సీ అప్లికేషన్‌తో పాటు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఉన్నాయి. వాటిని వెనక్కి తెప్పించుకునేలోపు అక్కడ కార్యక్రమాలన్నీ అయిపోయాయి. పదో రోజున వాళ్ల అన్నయ్యగారు ఫోన్ చేశారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేను అక్కడే ఉన్నాను.

“పొద్దుటి నుంచీ కూర్చున్నాం రా గోదారి గట్టున. ఒక్క కాకి ముట్టలేదు. చిన్నకొడుకు రాలేదని అమ్మ అలిగింది. ఆఖరికి నీ తరఫున నేను చెంపలేసుకుంటే అప్పుడు దిగింది.”

అంకుల్ ‘సరే అన్నయ్యా’ అని పెట్టేశారు. ఆ తర్వాత చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

పెట్టిన పిండం కాకి ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిపోయిందని మన నమ్మకం. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. మా నాయనమ్మకి పెట్టినప్పుడు నేనూ చేతులు కట్టుకుని కాకి కోసం చూశాను, అది వచ్చి వాలితే ఏడ్చాను. అదే నమ్మకాన్ని పట్టుకుని, వేల మైళ్ల దూరంలో కుమిలిపోతున్న తమ్ముణ్ని ఇంకాస్త పొడిచే మనిషితోనే నా పేచీ. అమ్మ అలిగిందట! అలిగిందని ఈయనకి కాకి వచ్చి చెప్పిందా?

తన చేత్తో అమ్మకి ఒక్కసారైనా పెట్టుకోవాలని అంకుల్‌కి పట్టుకుంది. పెడదామంటే మనం ఎరిగిన కాకి ఈ దేశంలో లేదు. సీగల్స్ కావలసినన్ని ఉన్నాయి, మాగ్‌పైలున్నాయి, చిలకలూ ఉన్నాయి. కాకి లేదు. ఇక్కడికొచ్చిన ప్రతి తెలుగువాడికీ ఈ లోటు తద్దినం నాడే తెలిసొస్తుంది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఆయన ట్రెయిన్ దిగి దాదాపు పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చారు. గుమ్మంలోంచే ఆంటీకి కేకేశారు. “ఏమేవ్! సౌత్ ఐలండ్‌లో కాకి ఉందటే!”

ఆఫీసులో మార్నింగ్ టీ దగ్గర ఒక కివీ కొలీగ్ హాలిడే కబుర్లు చెబుతూ, ట్వైజల్ దగ్గర ఏట్లో ‘కాకీ’ని చూశానని, అది చాలా అదృష్టమని అన్నాడట.

“నల్లగా ఉంటుందా అని అడిగాను. ముక్కు నించి తోక దాకా నలుపేనన్నాడు. ఇంకోసారి పేరు చెప్పమన్నాను. కాకీ అన్నాడు. మావోరీ పేరటమ్మా! ఎక్కడి మావోరీలు, ఎక్కడి మనం!”

“ఒక్కసారి గూగుల్ల చూద్దాం అంకుల్” అన్నాను.

“కాకిని గూగుల్‌లో చూసేదేంటమ్మా?” అన్నారు.

అంతే. ఫెర్రీకి టికెట్లు తీశారు. అంత దూరం తాను నడపలేనని నన్ను డ్రైవింగ్‌కి రమ్మన్నారు. సముద్రం దాటి, పిక్టన్‌లో దిగి, మధ్యలో రెండుచోట్ల పడుకుని, ట్వైజల్ చేరాం. మోటెల్‌లో ఆంటీ తెల్లవారుజామునే లేచి రైస్ కుక్కర్‌లో అన్నం వండారు. అంకుల్ పంచె కట్టి, దాని మీద పఫర్ జాకెట్ వేసి, తలకి ఉన్ని టోపీ పెట్టారు. నువ్వులు కలిపిన ముద్దల్ని అరిటాకు దొరక్క ఫాయిల్ ట్రేలో పెట్టి, ఏటి ఒడ్డున గులకరాళ్ల మీద ఉంచి, చేతులు జోడించి నిలబడ్డారు. మంచుకొండల మీంచి వచ్చే గాలికి ఆ పంచె ఎగిరిపోతుంటే ఒక చేత్తో దాన్ని పట్టుకున్నారు.

పక్షి రాలేదు. ఒక పెద్దావిడ వచ్చింది. భుజాన స్టాండు, దాని మీద టెలిస్కోప్ లాంటిది. అక్కడి పక్షుల్ని కాపాడే పనిలో ఉన్న మనిషట. ఇక్కడ తిండి పెట్టకూడదు, తీసెయ్యండి అంది, మర్యాదగానే.

అంకుల్ మొహం చిన్నబోయింది. వచ్చీరాని మాటలతో, ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషే అయినా ఆ క్షణాన నిజంగా వచ్చీరాని మాటలతోనే, తల్లి సంగతి చెప్పారు. కాకీ వచ్చి ముట్టాలని చెప్పారు. ఆవిడ నవ్వలేదు. అంతా విని, “రండి, కాకీని చూపిస్తాను” అని టెలిస్కోప్ నీళ్ల వైపు తిప్పింది.

ఆయన వంగి కన్ను పెట్టి చాలాసేపటిదాకా లేవలేదు. తర్వాత ఆంటీ వైపు తిరిగి, “కాళ్లేంటే, ఇంత పొడుగున్నాయి? పైగా ఎర్రగా ఉన్నాయి!” అన్నారు.

ఆంటీ చూశారు. నేనూ చూశాను. ఒళ్లంతా నలుపే, అబద్ధం లేదు. కానీ పురికొస లాంటి ఎర్రటి కాళ్ల మీద నిలబడి, సన్నటి ముక్కుతో నీళ్లలో పురుగులు ఏరుకుంటున్న ఆ పక్షికీ మన కాకికీ ఏ జన్మలోనూ చుట్టరికం లేదు. ఆంటీకి నవ్వు ఆగలేదు. ఆవిడ నవ్వుతుంటే అంకుల్ కూడా నవ్వారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ పెద్దావిడే విడమరిచి చెప్పింది. ఈ పక్షులు లోకంలో ఇంకెక్కడా లేవు, ఇక్కడ కూడా చాలా కొద్దే మిగిలాయి. ఎలుకలూ ముంగిస లాంటి స్టోట్‌లూ గుడ్లని తినేస్తాయి. అందుకే మనుషులే గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి వదులుతున్నారు. ఇక్కడ అన్నం పెడితే ముందొచ్చేవి ఆ ఎలుకలే. అంకుల్ వంగి ట్రే తీశారు. రాళ్ల సందుల్లో పడ్డ మెతుకుల్ని కూడా ఒక్కొక్కటే ఏరారు.

వెనక్కి వస్తూ కారులో అన్నారు: “అది నా అన్నం ముట్టక్కర్లేదమ్మా. బతికుంటే అదే పదివేలు.” మళ్లీ ఆయనే, “అయినా మా అమ్మ అలిగే మనిషి కాదు” అన్నారు.

ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన మనిషే మీరందరూ వెక్కిరించిన పక్షుల అంకుల్.

ఆ తర్వాత ఆయనకి సంవత్సరం అంటే పక్షులే. సెప్టెంబర్ వస్తే పసిఫిక్ దీవుల నుంచి ఇక్కడి కోయిల వస్తుంది, వేలెడంత పిట్ట, ఆకుపచ్చ మెరుపు. దాని ఈల వినబడితే చాలు, ఆఫీసు ఫోన్ కాల్‌లో ఉన్నా వేలెత్తి ‘ష్’ అనేవారు. మన ఉగాది ఇక్కడ ఆకులు రాలేటప్పుడు వస్తుంది కదా, “కోయిలొచ్చేది సెప్టెంబర్లో, మనం చేసేది మార్చిలో. పచ్చడి తినాల్సింది ఇప్పుడు” అని సెప్టెంబర్‌లో మామిడికాయ కోసం ఇండియన్ షాపులన్నీ తిరిగేవారు. ఉగాది స్టేజీ మీద ఒకసారి ఈ మాటే చెబితే మైకు తీసేసుకున్నారు. డాన్స్ ప్రోగ్రాముకి ఆలస్యమవుతోందట.

మార్చిలో వచ్చే ఉగాది నాటికి ఆయన ఫాక్స్‌టన్ బీచ్‌లో ఉండేవారు. అలాస్కా నుంచి ఎక్కడా ఆగకుండా ఎగిరొచ్చే గాడ్‌విట్‌లు సముద్రం ఒడ్డున తిని తిని లావెక్కి, ఒక సాయంత్రం గుంపుగా లేచి ఉత్తరానికి పోతాయి. వాటికి చెయ్యి ఊపేవారు, రైల్వేస్టేషన్‌లో చుట్టాలకి ఊపినట్టు. చలికాలంలో మా పెరట్లోకి కెరెరూ అనే పెద్ద అడవిపావురం వచ్చేది. అది కూర్చుంటే కొమ్మ కిందికి వాలిపోయేది. “భోజనం ఎక్కువైంది పాపం, కదలలేకపోతోంది” అని, అది ఎగిరిపోయేదాకా లాన్ మోవర్ స్టార్ట్ చెయ్యనిచ్చేవారు కాదు.

ఎండాకాలం మాత్రం ఆయనకి యుద్ధమే. బీచ్‌ల మీద డాటరల్ అనే చిన్న పిట్టలు ఇసకలో, గులకరాళ్ల మధ్య, ఏ గూడూ లేకుండా గుడ్లు పెడతాయి. కుక్కల్ని విప్పి వదిలేవాళ్లతో, ఇసక మీద బండ్లు నడిపేవాళ్లతో ఆయన పడని గొడవ లేదు. తెల్లవాళ్లని అంటే మనవాళ్లు చప్పట్లు కొట్టేవారు. మనవాళ్లని అన్నప్పుడే వచ్చింది తంటా. మన పిక్నిక్‌లో ఒకాయన వీడియో కోసం సరిగ్గా ఆ గుడ్లున్నచోట డ్రోన్ ఎగరేశాడు. అంకుల్ వెళ్లి, “ఏవయ్యా, మీ ఇంట్లో బాలింత ఉంటే నెత్తి మీద హెలికాప్టర్ తిప్పుతావా?” అని అడిగారు. డ్రోన్ దిగింది. మరుసటి పిక్నిక్‌కి ఆయనకి కబురు రాలేదు. మర్చిపోయామన్నారు. అంతమందినీ గుర్తుపెట్టుకుని ఆయనొక్కరినే మర్చిపోవడానికి ఎంత జ్ఞాపకశక్తి కావాలో!

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

అంకుల్ పోయిన పదో రోజున పెటోనీ బీచ్‌లో పిండం పెట్టాం. వారమంతా ఐటీ ఉద్యోగం చేసి వీకెండ్లలో పూజలు చేయించే పంతులుగారే వచ్చారు, మంచి మనిషి. పిల్లలు లేకపోతే భార్య చేతి మీదుగా చెయ్యొచ్చని ఆయనే చెప్పి, ఆంటీ చేతే చేయించారు. దక్షిణ ధ్రువం వైపు నుంచి వచ్చే గాలి చెవులు కోసేస్తోంది. అన్నయ్యగారు ఇండియా నుంచి వీడియో కాల్‌లో ఉన్నారు. ఆ ఫోన్ మన తెలుగు సంఘం పెద్దాయన చేతిలో ఉంది. పెద్దాయన ఇంకో చేతిలో ఒక బ్లూటూత్ స్పీకర్.

ఆ స్పీకర్ ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. ఆంటీ ముద్దలు పెట్టి వెనక్కి జరగ్గానే ఆయన దాన్ని నొక్కారు. కావు కావు కావు! యూట్యూబ్‌లోంచి దింపిన కాకుల అరుపులు. బీచ్‌లో కుక్కతో నడుస్తున్నవాళ్లు ఆగి చూశారు. పిట్ట గొంతు వినబడితే ఊపిరి బిగబట్టి నిలబడిన మనిషికి, ఆఖరున మనవాళ్లు వినిపించింది అది. “సౌండ్ క్లియర్‌గా ఉంది కదా!” అన్నారు పెద్దాయన.

కాకి లేని దేశంలో కాకి ఎలా వస్తుంది? వచ్చింది సీగల్. ఎర్ర ముక్కుతో ఒకటి దిగి, ఒక ముద్ద నోట కరుచుకుని పోయింది. “ముట్టిందమ్మా. పక్షి ముట్టింది, శుభం” అన్నారు పంతులుగారు.

“అది కాకి కాదండీ” అని ఫోన్‌లోంచి అన్నయ్యగారి గొంతు. “మా వాడికేదో మిగిలిపోయింది. అమ్మాయ్, వింటున్నావా? నిన్ను ఆ దేశంలో ఒంటరిగా వదిలేశానని వాడి బాధ. ఇల్లు అమ్మేసి ఇక్కడికి వచ్చేస్తానని పైకి ఒక్క మాట అను. అప్పుడు చూడు.”

ఆ ముందు రోజే ఆయన ఆంటీతో ఏమన్నారో నేను విన్నాను. వాళ్లావిడకి మోకాళ్ల ఆపరేషన్ అయింది, మంచం దిగలేదు, ఇంట్లో చూసుకునే ఆడదిక్కు లేదు. తమ్ముడి ఆత్మకి శాంతి ఎక్కడ దొరుకుతుందో ఆయనకి అంత కచ్చితంగా తెలియడంలో వింతేముంది?

నన్ను మండించింది ఆయన ఒక్కడే కాదు. చుట్టూ నిలబడ్డ మనవాళ్లు. అందరూ చదువుకున్నవాళ్లు, రోజూ ఆఫీసుల్లో ‘ఎవిడెన్స్ ఏదీ’ అని ఎదుటివాళ్లని నిలదీసేవాళ్లు. “అనెయ్యండి ఆంటీ, మాటే కదా” అన్నారు ఒకరు. “ఇక్కడ ఒక్కరూ ఏం చేస్తారు ఆంటీ, డ్రైవింగ్ కూడా రాదు” అన్నారు ఇంకొకరు. మాటే కదా! పిండం ముందు, పది మంది సాక్షిగా, మొగుడి పేరు మీద ఇచ్చిన మాటని ఆవిడ రేపు వెనక్కి తీసుకోగలదా? ఆ సంగతి తెలియకే అడుగుతున్నారా?

“ఆంటీ, మీరు అనకుండ్రి. ఎవరేమన్నా అనకుండ్రి” అన్నాను, కొంచెం గట్టిగానే. పెద్దాయన నన్ను చూసి, “నువ్వు అద్దెకున్న పిల్లవి, మధ్యలో నీకెందుకమ్మా?” అన్నారు. స్పీకర్ ఇంకా అరుస్తూనే ఉంది.

ఆంటీ లేచారు. చేతులకి నువ్వులు అంటుకుని ఉన్నాయి. ముందు స్పీకర్ తీసుకుని దాని నోరు మూశారు. తర్వాత ఫోన్ వైపు తిరిగారు.

“బావగారూ, అత్తయ్యగారు పోయినప్పుడు ఆయన రాలేదని ఆవిడ అలిగిందన్నారు. ఇప్పుడు నేను రావాలని ఆయన అలిగారంటున్నారు. కాకులెప్పుడూ మీకు కావలసిందే చెబుతాయేంటండీ?”

గాలికి ఆంటీ చీర కొంగు మొహానికి కొడుతుంటే దాన్ని నడుముకి దోపుకున్నారు.

“ఆయనకేదైనా మిగిలిపోయి ఉంటే నాతో చెప్పేవారు. పక్షులతో కబురు పెట్టే మనిషి కాదు. వాటికి వాటి పనులుంటాయనేవారు. నేనెక్కడికీ రాను. అక్కయ్యగారికి మనిషి కావాలంటే మనిషిని పెట్టుకోండి.”

నువ్వులంటిన వేలితోనే కాల్ కట్ చేశారు. పంతులుగారు గొంతు సవరించుకుని మిగిలిన మంత్రం అందుకున్నారు. ఆయనకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఆ తర్వాత మనవాళ్ల మాటలు నా దాకా వచ్చాయి. ‘పదో రోజున ఆడమనిషి అలా మాట్లాడొచ్చా’, ‘ఆ కింది పోర్షన్ అమ్మాయే ఎక్కించింది’. ఎక్కించడానికి ఆంటీ ఏమన్నా పసిపిల్లా? సంఘం పత్రికకి ఆయన గురించి ‘పాజిటివ్‌గా ఒక చిన్న పేరా’ రాసివ్వమని నన్నే అడిగారు కూడా. ‘పక్షి ప్రేమికుడు’ అని హెడ్డింగ్ పెడతారట. ఇవ్వలేదు. ఆయన ప్రేమికుడు కాదండీ. ప్రేమించడం సులువు, ఫోటో తీసి పెట్టుకుంటే సరిపోతుంది. ఆయన వాటి కోసం మీ అందరితో తగువులాడారు. పిక్నిక్‌లు పోగొట్టుకున్నారు. ఒక పక్షి తన చేతి అన్నం ముట్టకపోయినా సరే బతికుండాలని కోరుకున్నారు. తమ్ముడి భార్య బతుకు మీద అంతపాటి దయ చూపించలేకపోయాడు ఆ అన్నయ్య. చూపించమని అడగలేకపోయారు మీరు.

అంకుల్ లేని లోటు నాకెలా ఉందో చెప్పడం చేతకావడం లేదు. నాన్న దూరంగా ఉన్న నాకు, ‘ల్యాబ్ నుంచి వచ్చావా, తిన్నావా’ అని మెట్ల మీంచి అడిగిన మనిషి ఆయన. ఇప్పుడు ఆ మాట ఆంటీ అడుగుతున్నారు.

డ్రైవింగ్ రాదని ఎవరో అన్నారు కదా. ఆ నెలలోనే ఆంటీ లెర్నర్ టెస్టుకి కూర్చున్నారు, పాసయ్యారు. అంకుల్ కారుకి ముందూ వెనకా పసుపు రంగు ‘ఎల్’ బోర్డులు పెట్టాం. ఆదివారాలు నేను పక్క సీట్లో కూర్చుంటున్నాను. మలుపుల దగ్గర ఆంటీ ఊపిరి బిగబడతారు, బండి ఆగాక వదులుతారు.

పోయిన ఆదివారం మకారా రోడ్డు మీద వెళ్తున్నాం. గడ్డివాలు మీంచి ప్యారడైజ్ బాతుల జంట రోడ్డెక్కింది, ఆడదాని తల తెల్లగా, మగదాని తల నల్లగా. వాటి వెనక చారల పిల్లలు, బారుగా. ఆంటీ బ్రేకు తొక్కారు. వెనకాల యూట్ అనే చిన్న ట్రక్కొకటి వచ్చి ఆగి హారన్ కొట్టింది. అదే సమయానికి నా ఒళ్లో ఉన్న ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ మోగింది. తీసి చూస్తే ఇండియా నంబర్, బావగారు.

“ఎత్తాల్నా ఆంటీ?”

“మోగనీ” అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

యూట్‌వాడు మళ్లీ హారన్ కొట్టాడు, ఈసారి పొడుగ్గా. ఆంటీ అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, శుభ్రమైన తెలుగులో “ఆగవయ్యా! పిల్లలు దాటుతున్నారు కనబడ్డం లేదూ?” అని కేకేశారు. వాడికి ఏమర్థమైందో, హారన్ ఆపాడు. తల్లీ తండ్రీ అవతలి గడ్డిలోకి దిగిపోయాయి. ఆఖరి పిల్ల గట్టు ఎక్కబోయి జారింది, మళ్లీ ఎక్కబోయి మళ్లీ జారింది. ఫోన్ మోగి మోగి దానంతటదే ఆగిపోయింది. ఆంటీ బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.